ఏ గ్రహము యొక్క శకలము?

సమాసములు బోధించునపుడు నల్లబల్లపై వ్రాయుటకు ప్రతి ఉపాధ్యాయునికి కొన్ని మామూలు మాట లుండును. షష్ఠీ తత్పురుషమునకు ‘రాజభటుడు’, ‘నదీతీరము’ మొదలగునవి చెప్పిన పిదప, విద్యార్థులకు సామాన్యశాస్త్ర పుస్తకములో ఎదురుపడు మాట యొకటి చేర్చిన బాగుండునని నేను ‘గ్రహశకలము’ అని కూడ వ్రాయుచుంటిని. గ్రహము యొక్క శకలము గ్రహశకలము. విగ్రహవాక్యము సుకరము, అర్థము స్పష్టము. శకలమనగా తునుక. కుండ పగిలిన పెంకు కుండ తునుక యైనట్లు, గ్రహము పగిలిన ముక్క గ్రహశకలము. ఇరువది యేండ్లు నేనిట్లే చెప్పితిని. ఇరువది యేండ్లు విద్యార్థులు అట్లే వ్రాసికొనిరి.

ఒకనాడు వెనుక బల్లపై కూర్చున్న విద్యార్థి లేచి, “ఏ గ్రహం ముక్కండీ, మాస్టారూ?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. కాని నవ్వు ముగిసిన పిదప చూచుకొనగా నాయొద్ద సమాధానము లేదు. రాజభటుడన్నచో రాజెవరో చెప్పవచ్చును. నదీతీరమన్నచో గోదావరి యనియో కృష్ణ యనియో చూపవచ్చును. ఇచ్చట షష్ఠీ విభక్తి యున్నది గాని, ఆ విభక్తిని మోయవలసిన గ్రహమే కనబడదు. “రేపు చెప్పెదను” అని గంట కొట్టుటతో బయటపడితిని. ఆ రేపు వచ్చుటకు చాలకాలము పట్టినది.

పగిలిన గ్రహమను ఊహ

ఈ మాటలో ఒదిగియున్న భావము రెండు వందల యేండ్ల నాటిది. కుజునికిని గురునికిని నడుమ నున్న దూరము, తక్కిన గ్రహముల దూరములు పెరుగు వరుసను బట్టి చూచిన మిక్కిలి యెక్కువ. అచ్చట మనకు తెలియని గ్రహమేదో ఉండవలెనని 18వ శతాబ్దపు ఖగోళవేత్తలు తలంచిరి. 1801 జనవరి 1వ తేదీ రాత్రి సిసిలీ ద్వీపమందలి పలెర్మో నగరమున పియాజీ యనునతడు ఆ నడుమనే తిరుగుచున్న చిన్న జ్యోతి నొకదానిని చూచెను. దానికి సీరిస్ అని పేరు పెట్టిరి. ఖాళీ నిండినదని అందరు సంతోషించిరి. కాని మరుసటి యేడే ఓల్బర్స్ అను జర్మను వైద్యుడు ఇంచుమించుగా అంత దూరముననే పల్లస్ అను మరియొకదానిని కనుగొనెను. ఒక గ్రహముండవలసిన చోట రెండు చిన్నవి! పూర్వ మక్కడ ఒక గ్రహముండి పగిలి యుండునని, ఇవి దాని తునుకలని ఓల్బర్స్ ఊహించెను. 1804లో జూనో, 1807లో వెస్టా దొరకుటతో ఆ యూహకు బలము వచ్చెను. మన ‘శకలము’ ఆ యూహకు చక్కగా సరిపోవు మాట.

ఊహ అందమైనదే గాని నిలువలేదు. గ్రహము పగిలినచో దాని పదార్థమంతయు ఎక్కడికి పోవును? కుజగురుల నడుమ తిరుగుచున్న చిన్నపెద్ద లన్నింటిని ఒకచోట కుప్పపోసినను మన చంద్రునిలో నూటికి మూడు పాళ్లకు మించదు. అది గ్రహము మాట యటుంచి మన చంద్రుని వంటి ఉపగ్రహమునకైనను చాలదు. మరియు ఇవి యన్నియు ఒక జాతివి కావు. సూర్యుని వైపున నున్న వానిలో రాతి జాతివి హెచ్చు; వెలుపలి వైపున బొగ్గువలె నల్లనివి హెచ్చు. కుండ యొకటే పగిలిన పెంకులలో ఇట్టి వరుస యుండదు.

నేడు శాస్త్రజ్ఞులు చెప్పు కథ వేరు. సుమారు 450 కోట్ల సంవత్సరములకు పైబడిన కాలమున సూర్యుని చుట్టు తిరుగు ధూళి రేణువులు రాళ్లై, రాళ్లు కొండలై, కొండలు కూడి గ్రహము లగుచుండెను. ఈ చోట కూడ ఆ పని మొదలైనది. కాని ప్రక్కనే మహాకాయుడైన గురుడు తయారయ్యెను. అతని ఆకర్షణకు ఇక్కడి ముక్కల నడకలు కలత చెందెను. మెల్లగా తాకి అతుకుకొనవలసినవి వేగముగా ఢీకొని చెదరిపోయెను. చాలవరకు ఆ ప్రదేశమునే విడిచిపోయెను. మిగిలినవి నేటికిని అట్లే తిరుగుచున్నవి. అనగా అక్కడ గ్రహము పగులలేదు. అసలు గ్రహము పుట్టనే లేదు.

చెన్నపట్టణమున దొరికిన చుక్క

నేటికి తెలిసిన గ్రహశకలములు పదమూడు లక్షలకు మించినవి. ఇంత సంఖ్య చెప్పిన మనసునకు ఏమియు పట్టదు. అన్నము ఉడికినదా యని చూచుటకు ఒక్క మెతుకు చాలును. నేను పట్టుకొన్న మెతుకు 67వ సంఖ్య గలది. దాని పేరు ఆసియా. దానినే యేల యెన్నుకొంటి ననగా, అది యూరపులో గాక చెన్నపట్టణమున దొరికినది. మన సర్కారు జిల్లాలును సీమ జిల్లాలును చెన్నపట్టణము నుండియే పాలింపబడుచున్న రోజులలో దొరికినది.

చెన్నపట్టణమందలి నుంగంబాకమున 1792లో ఈస్టిండియా కంపెనీవారు వేధశాల కట్టించిరి. నాటి యంత్రమును మోసిన రాతి స్తంభము నేటికిని అచ్చటి వాతావరణ కార్యాలయపు ఆవరణలో నిలిచియున్నది. దానిపై తమిళముతో పాటు తెలుగునను శాసనము చెక్కబడియున్నది. గణితశాస్త్రములు ఆసియా ఖండమున ఎప్పుడు నాటబడినవో వేయేండ్ల తరువాతివారికి తెలియవలెనని దాని తాత్పర్యము. క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు గ్రంథము రచించిన దేశమున ఈ మాట చెక్కించుట సాహసమే యనవలెను. అయినను ఒక వేధశాల స్తంభముపై తెలుగక్షరము లుండుట మన విద్యార్థులు తెలిసికొనదగిన సంగతి.

ఆ వేధశాలకు 1861లో అధికారియై వచ్చినవాడు నార్మన్ రాబర్ట్ పాగ్సన్. అతడు 1829లో ఇంగ్లండునందలి నాటింగ్‌హామున జన్మించెను. చెన్నపట్టణమునకు రాకముందే మూడు గ్రహశకలములను కనుగొన్నవాడు. నక్షత్రముల వెలుగును తరగతులుగా విభజించుట ప్రాచీన గ్రీకుల నాటి నుండి ఉన్నదే. దానికి సరియైన లెక్క కట్టినవాడు పాగ్సన్. 1856లో అతడు చేసిన నిర్ణయము ప్రకారము, ఒకటవ తరగతి నక్షత్రము ఆరవ తరగతి నక్షత్రము కంటె సరిగా నూరు రెట్లు వెలుగుగలది. ఒక్కొక్క తరగతికి తేడా సుమారు రెండున్నర రెట్లు. ప్రపంచమందలి ఖగోళశాస్త్రజ్ఞు లందరు నేటికిని ఈ కొలతనే వాడుచున్నారు.

చెన్నపట్టణమునకు వచ్చిన కొలది మాసములకే, 1861 ఏప్రిల్ 17వ తేదీన, పాగ్సన్ క్రొత్త జ్యోతి నొకదానిని కనుగొనెను. ఈ పని యెట్లు చేయుదురో ఉపాధ్యాయులకు సులభముగా చెప్పవచ్చును. తరగతిలో హాజరుపట్టీ పిలుచునపుడు పట్టీలో పేరులేని బాలుడొకడు కూర్చున్నచో మనము వెంటనే గుర్తింతుము. ఏలయనగా తక్కిన వారందరు మనకు తెలిసినవారు. నాటి ఖగోళవేత్తయు ఆకాశమున ఒక చిన్న భాగమును ఎన్నుకొని, అందలి మసక నక్షత్రములను సైతము పటముపై గుర్తించుకొనును. పిదప రాత్రి వెంట రాత్రి దూరదర్శినితో పటమును ఆకాశమును సరిచూచుకొనును. పటమున లేని చుక్క యొకటి కనబడి, మరునాటికి అది కొంచెము కదలినచో, అది నక్షత్రము కాదు. సూర్యుని చుట్టు తిరుగునది. చూచుటకు సుళువుగా తోచును గాని, ఆ ఒక్క చుక్కకై వేల చుక్కలను పేరుపేరున ఎరిగియుండవలెను. ఫొటోగ్రఫీ వాడుకలోనికి రాని ఆ రోజులలో ఆ యెరుక యంతయు కంటిదే, చేతిదే.

ఆసియా ఖండము నుండి మొట్టమొదట కనుగొన్నది గావున దానికి ‘ఆసియా’ యని పాగ్సన్ పేరు పెట్టెను. గ్రీకు పురాణములలో ఆ పేరుగల దేవతయు కలదు. ఖగోళవేత్తల ఆచారము కూడ నిలిచినట్లయ్యెను. తరువాత అతడు చెన్నపట్టణము నుండియే సాఫో, సిల్వియా, కమిల్లా, వీరా అను మరి నాలుగింటిని కనుగొనెను. వానిలో సిల్వియాకు రెండు చిన్న చందమామ లున్నవని 2005లో వెల్లడియైనది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు పాగ్సన్ మన మచిలీపట్టణమునకు వచ్చెను. 1891లో చెన్నపట్టణముననే మరణించెను.

ఆ వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యుల పేరు కూడ ఇచ్చట తలపవలెను. ఆయన 1867లో వెలుగు హెచ్చుతగ్గులగు తార నొకదానిని కనుగొనెను. 1872లో లండను నందలి రాయల్ అస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను. 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచు వింతను గూర్చి సామాన్యజనులకు బోధపడునట్లు పుస్తకము వ్రాసెను. ఆకాశమును చూచుటయే గాక, చూచినదానిని పదిమందికి చెప్పవలెనను తపన గలవా డాయన. ఆ తపనయే కదా బడిపంతులకును కావలసినది!

దారియు కాలమును

ఇక ఆసియా నడక. సూర్యుని నుండి దాని సగటు దూరము సుమారు 36 కోట్ల కిలోమీటర్లు. అనగా భూమి దూరమునకు 2.42 రెట్లు. దాని దారి కోడిగ్రుడ్డువలె కొంచెము సాగిన దీర్ఘవృత్తము గనుక ఒకప్పుడు 29.5 కోట్ల కిలోమీటర్ల వరకు దగ్గరకు వచ్చును. మరియొకప్పుడు 43 కోట్ల వరకు దూరమగును. ఎంత దగ్గరకు వచ్చినను మన భూమి దారికి దానికి నడుమ 14 కోట్ల కిలోమీటర్ల యెడ ముండనే యుండును. అందుచే గ్రహశకలము భూమిని ఢీకొనునని అప్పుడప్పుడు పుట్టు వదంతులకు ఆసియాతో సంబంధము లేదు. అట్టి భయము పెట్టగలవి వేరే జాతివి. వానిని కనిపెట్టి చూచువారు వేరే కలరు.

ఒక ప్రదక్షిణమునకు దానికి ఎంత కాలము పట్టునో విద్యార్థులు తామే లెక్కింపవచ్చును. కెప్లరు మూడవ సూత్రము ప్రకారము, దూరమును మూడుమార్లు హెచ్చవేసిన ఫలము, కాలమును రెండుమార్లు హెచ్చవేసిన ఫలమునకు సమానము. దూరము భూమి దూరములలోను, కాలము సంవత్సరములలోను తీసికొనవలెను. 2.42ను 2.42తో, మరల 2.42తో హెచ్చవేసిన 14.17 వచ్చును. దాని వర్గమూలము సుమారు 3.76. ఇన్నేండ్లకు ఆసియా ఒకమారు సూర్యుని చుట్టివచ్చును. దినములలో చెప్పిన సుమారు 1,375. కుజుని సంవత్సరము 687 దినములు. రెట్టింపు చేసి చూడుడు: 1,374! కుజుడు రెండుమార్లు తిరిగి వచ్చునప్పటికి ఆసియా ఇంచుమించుగా ఒకమారు తిరిగివచ్చును. పాగ్సన్ చూచిన నాటి నుండి నేటికి అది నలువదికి పైగా ప్రదక్షిణములు చేసినది.

ఈ శకలములు గుంపులు గుంపులుగా ఒరసికొనుచు తిరుగుచున్నట్లు కొన్ని పుస్తకములలో బొమ్మలు వేయుదురు. అది సరికాదు. లక్షల కొలది యున్నను వాని నడుమ సగటు దూరమును లక్షల కిలోమీటర్లలోనే చెప్పవలెను. 1972లో బయలుదేరిన పయొనీర్ 10 మొదలు అనేక నౌకలు ఆ ప్రదేశమును సుఖముగా దాటిపోయినవి.

పోకయే కొలిచిన కొలత

ఆసియా యొద్దకు ఇంతవరకు ఏ నౌకయు పోలేదు. మంచి దూరదర్శినిలో కూడ అది చుక్కవలెనే కనబడును. సాధారణముగా భూమికి చేరువైనప్పుడు అది పదునొకండవ తరగతి చుక్క. మన కంటికి కనబడు కడపటి తరగతి ఆరవది. నడుమ అయిదు తరగతులు. అనగా పాగ్సన్ లెక్క ప్రకారమే, కంటికందు అతి మసక నక్షత్రము కంటె అది నూరు రెట్లు మసక. తాను కనుగొన్నదానిని కొలుచుటకు అతడు ముందుగానే కొలబద్ద తయారుచేసి యుంచుకొన్నట్లున్నది!

ఇట్టి చుక్కకు కొలతలెట్లు కట్టిరి? దాని వెలుగు ఒక క్రమముగా పెరుగుచు తరుగుచుండును. గుండ్రని బంతి తిరిగినను వెలుగు మారదు. బంగాళాదుంప వంటిది తిరిగినచో వెడల్పు ప్రక్క కనబడినపుడు హెచ్చుగను, సన్నని ప్రక్క కనబడినపుడు తక్కువగను వెలుగును. ఆ హెచ్చుతగ్గులను బట్టి అది తన చుట్టు తాను సుమారు 16 గంటలకు ఒకమారు తిరుగునని తెలిసినది. అనగా ఆసియాపై పగలు ఎనిమిది గంటలు, రాత్రి ఎనిమిది గంటలు.

పరిమాణము తెలియుట ఇంకను కష్టము. చిన్న తెల్లని రాయియు, పెద్ద నల్లని రాయియు దూరము నుండి ఒకే వెలుగుతో కనబడవచ్చును. ఏది యేదో చెప్పుటెట్లు? ఎండలో నల్లగొడుగు తెల్లగొడుగు కంటె ఎక్కువ వేడెక్కుట మన మెరిగినదే. రాయి ఎంత వెలుగును తిప్పికొట్టుచున్నది, ఎంత వేడిని వెలిగ్రక్కుచున్నది అను రెంటిని కలిపి చూచినచో చిక్కు విడిపోవును. 1983లో ఆకాశమునకు పంపిన ఐరాస్ అను ఉపగ్రహము అనేక గ్రహశకలముల వేడిని ఇట్లు కొలిచెను. ఆసియా అడ్డుకొలత సుమారు 58 కిలోమీటర్లని తేలెను. విజయవాడ నుండి ఏలూరు ఎంత దూరమో ఇంచుమించుగా అంత. తనపై పడిన వెలుగులో అది సుమారు నాలుగవ వంతును తిప్పికొట్టును. మన చంద్రుని నేల కంటె అది రెండింతలు తేటగా నుండును.

ఆ వెలుగును ఇంద్రధనుస్సువలె విడదీసి చూడగా అది రాతి జాతిదని తెలియుచున్నది. ఇనుము, మెగ్నీషియము కలిసిన రాతి ఖనిజములు అందు కలవు. ఈ జాతికే చెందిన ఇటోకావా యను చిన్న శకలము నుండి జపానువారి హయబుసా నౌక 2010లో కొన్ని రేణువులను భూమికి తెచ్చినది. అవి మన పొలములలో పడు సామాన్యమైన ఉల్కాశిలలతో సరిపోయినవి. కావున మ్యూజియములో ఉల్కాశిలను చూచిన విద్యార్థి ఆసియాకు దూరపు చుట్టమును చూచినట్లే.

రాయి వంటి సాంద్రత యున్నదని తీసికొని లెక్కించినచో అచ్చట 50 కిలోల మనిషి నూరు గ్రాములకు కొంచెము పైగా తూగును. పైకి విసరిన వస్తువు గంటకు 130 కిలోమీటర్ల వేగము దాటినచో మరల క్రిందపడదు. మన క్రికెట్టు ఆటలో వేగపు బౌలరు వేయు బంతికి ఆ పాటి వేగము కలదు. ఆసియాపై అతడు వేసిన బంతి వికెట్టునకు తగులకపోయినచో సూర్యుని చుట్టు తిరుగ మొదలిడును!

సమాసము మారినది

ఈ సంగతులన్నియు కూడబెట్టుకొనునప్పటికి నన్ను ప్రశ్నించిన విద్యార్థి పరీక్ష ముగించి వెళ్లిపోయెను. కాని ప్రశ్న నాయొద్దనే యుండెను. ఏ గ్రహము యొక్క శకలము? ఏ గ్రహముయొక్కయు కాదు. వీనిలో చిన్నవి చాలవరకు తమలో తాము ఢీకొని పగిలిన తునుకలే గాని, అవి తమ పెద్దల తునుకలు; గ్రహపు తునుకలు కావు. అట్లైనచో ఈ మాటను కొట్టివేయవలెనా? ‘లఘుగ్రహము’ అనవచ్చుననియు తోచినది. కాని జనుల నోట స్థిరపడిన మాటను తొలగించుట మన వశమా?

వ్యాకరణమే నాకు దారి చూపినది. ‘వంటచెరకు’ అను మాట కలదు. అది వంట యొక్క చెరకు కాదు; వంట కొరకు చెరకు. ‘యూపదారువు’ అను సంస్కృత సమాసము ఇంకను చక్కగా సరిపోవును. యూపమనగా యజ్ఞమున నాటు స్తంభము, దారువనగా కొయ్య. స్తంభము కొరకు తెచ్చిన కొయ్య యూపదారువు. ఆ కొయ్యను చెక్కినచో స్తంభ మగును. చెక్కనిచో కొయ్యగానే యుండును. కొయ్య స్తంభము నుండి విరిగినది కాదు, స్తంభమే కొయ్య నుండి రావలసినది. ఇవి చతుర్థీ తత్పురుషములు.

గ్రహశకలమును కూడ నేనిప్పుడు ఆ వరుసలోనే చెప్పుచున్నాను: గ్రహము కొరకు శకలము. గ్రహమును కట్టుటకు సమకూడి, కట్టడము సాగక, కట్టుబడి రాళ్లుగానే మిగిలినవి. మన భూమియు ఒకప్పుడు ఇట్టి రాళ్లే. మన గోడలో ఇమిడిపోయిన రాళ్లు మొదట ఎట్లుండెనో మనకు కనబడదు. పునాది వద్ద వాడక మిగిలిన రాళ్లను చూచి తెలిసికొనవలెను. ఆసియా వంటివానిని శాస్త్రజ్ఞు లింత శ్రద్ధగా పరిశీలించుట అందులకే.

తెలియని ప్రశ్న యడిగిన విద్యార్థిపై మనము ఒక్కొక్కప్పుడు విసుగుకొందుము; నావలె నవ్వి ఊరకుందుము. ఆ బాలుడు నా తప్పును దిద్దినాడని అతనికి తెలియదు. అతడీ వ్యాసమును చదువునో లేదో నాకు తెలియదు. చదివినచో ఆనాడు నేను చెప్పెదనన్న ‘రేపు’ ఇదియే యని గ్రహింపవలెను. ఈ యేడు సమాసముల పాఠమున షష్ఠి క్రింద నుండి ‘గ్రహశకలము’ను తుడిచివేసి, చతుర్థి క్రింద ‘వంటచెరకు’ ప్రక్కన వ్రాసితిని.